సెప్టెంబర్‌కు ముప్పై బైట్లు

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరలో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ కోసం, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోపలికి దించినప్పుడూ బయటికి తీసినప్పుడూ రైతు చేతికిచ్చే రసీదును తెలుగులో అచ్చువేసే చిన్న యంత్రానికి నేను ప్రోగ్రాం రాశాను. జనవరి చివర్లో దాన్ని బిగించాం. సరుకు దిగే రద్దీ అంతా, అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా, అది ఏ ఇబ్బందీ పెట్టకుండా పనిచేసింది. ఆగస్టు వెళ్లాక, నిల్వ ఉన్న సరుకును అమ్మకానికి బయటికి తీస్తున్న రోజుల్లో, అక్కడి పెద్ద గుమాస్తాగారు విజయవాడలో ఉన్న నాకు ఫోన్ చేసి, “ఏమండీ, నెల పేరు తోక తెగి వస్తోందండీ. రైతులు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు” అన్నారు. ఆయన వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తేదీ ‘2 సెప్టెంబ’ అని ఉంది.

కారణం కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నెల పేరు దాచడానికి నేను యంత్రం జ్ఞాపకంలో 24 బైట్ల గది కేటాయించాను (బైటు అంటే ఆ జ్ఞాపకానికి కొలత). అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపికి చెందిన ప్రతి కోడ్ పాయింటుకూ, అంటే కంప్యూటర్ విడిగా లెక్కపెట్టే ప్రతి గుర్తుకూ, మూడు బైట్లు పడతాయి. ‘సెప్టెంబర్’ కంటికి నాలుగు అక్షరాలుగా కనిపించినా, లోపల స, ఎత్వం, ప, పొల్లు, ట, ఎత్వం, సున్న, బ, ర, పొల్లు అని పది కోడ్ పాయింట్లు, అంటే ముప్పై బైట్లు. 24 బైట్ల దగ్గర కోస్తే సరిగ్గా ఎనిమిదో కోడ్ పాయింటు దగ్గర, ‘బ’ తరువాత తెగుతుంది. ఫిబ్రవరి, అక్టోబర్, డిసెంబర్ మూడూ కచ్చితంగా 24 బైట్లే. మిగిలినవన్నీ అంతకంటే చిన్నవి. పన్నెండు నెలల్లో ఆ గదిలో పట్టనిది సెప్టెంబర్ ఒక్కటే కాబట్టి ఏడు నెలల పాటు తప్పు బయటపడలేదు. రసీదు మీద వారం పేరు కూడా వేసి ఉంటే మొదటి వారంలోనే దొరికిపోయేది, ఎందుకంటే ‘శుక్రవారం’ 27 బైట్లు.

గది వెడల్పు పెంచి ఊరుకుంటే ఆ రోజుకు పని అయిపోయేది. కానీ ఆ ఫోన్ వచ్చిన వారంలోనే ఇంకో సంగతి తెలిసింది. కోల్డ్ స్టోరేజీ ఆఫీసులోని కంప్యూటర్‌లో ఎప్పటి నుంచో ఉన్న లెక్కల ప్రోగ్రాం నెలలను ‘జూలై’, ‘ఆగష్టు’ అని రాస్తుంది. నా యంత్రం ‘జులై’, ‘ఆగస్టు’ అని రాస్తుంది. రసీదుల జాబితాను అక్కడ నెల పేరుతో వెతుకుతారు కాబట్టి, ఆ రెండు నెలల్లో యంత్రం నుంచి వెళ్లిన రసీదులు వెతుకులాటకు దొరకకుండా పోయాయి. పత్రికల్లోనూ పెళ్లిపత్రికల్లోనూ ఈ రూపాలన్నీ కనిపిస్తూనే ఉంటాయి. మనిషి కన్ను వాటిని ఒకే మాటగా చదువుకుంటుంది, యంత్రం మాత్రం అలా చదవదు. ఆ ప్రోగ్రాం రాసినవారు తమకు అలవాటైన రూపం టైపు చేశారు, నేను నాకు అలవాటైన రూపం టైపు చేశాను. తప్పు రూపంలో లేదు. ఇద్దరమూ ఎవరికి వారు చేత్తో టైపు చేయడంలోనే ఉంది.

ఇలాంటి పట్టికలను ఎవరికి వారు తయారుచేసుకోకూడదనే ఉద్దేశంతోనే, ప్రపంచ భాషల లిపులకు కంప్యూటర్ ప్రమాణాలు నిర్ణయించే యూనికోడ్ కన్సార్టియం సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి డేటాబేస్‌ను నడుపుతోంది. దాని మొదటి వెర్షన్ 2003 చివర్లో వచ్చింది, 2004లో అది యూనికోడ్ చేతికి వచ్చింది. ఏడాదికి రెండు వెర్షన్లు వస్తాయి. ఒక్కో భాషకూ నెలల పేర్లు, వారాల పేర్లు, తేదీ రాసే తీరు, సంఖ్యల మధ్య కామాలు ఎక్కడ పడాలి, ఏకవచన బహువచనాల నియమం, దేశాల పేర్లు, కరెన్సీల పేర్లు అన్నీ అందులో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లుగా ఉంటాయి. ఆ భాష మాట్లాడేవారు ఆన్‌లైన్‌లో ఉండే సర్వే టూల్‌లో ప్రతిపాదించి, ఓటు వేసి, చర్చించి ఆ విలువలను నిలబెడతారు. ప్రతి విలువకూ అది ఎంతవరకు ధ్రువపడిందో చెప్పే గుర్తు కూడా ఉంటుంది. మన ఫోన్లలో, బ్రౌజర్లలో, డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో కనిపించే ‘ఆదివారం’, ‘జనవరి’ చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. 2017లో వచ్చిన జావా 9 నుంచి జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు అదే మూలం. పైథాన్‌లో బాబెల్ లైబ్రరీ దాని నుంచే తన ఫైళ్లు తయారుచేసుకుంటుంది. ప్రోగ్రాములు తయారుచేసే ఉపకరణాల సంపుటి క్యూట్ అయితే ఒక స్క్రిప్టుతో, అంటే చిన్న ప్రోగ్రాంతో, సీఎల్‌డీఆర్‌ను చదివి మధ్యలో ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు తీసి, ఇంకో స్క్రిప్టుతో దాన్ని సీ ప్లస్ ప్లస్ పట్టికలుగా మారుస్తుంది. నేను చేయవలసింది కూడా అదేనని, కాకపోతే నా యంత్రానికి సరిపడేటంత చిన్నదిగా చేయాలని నిర్ణయించుకున్నాను.

మొదట తెలుగు-భారతదేశం ఫైలు తెరిచి చూసి నిరాశపడ్డాను. అందులో భాష పేరు, దేశం పేరు చెప్పే నాలుగు వరుసలు తప్ప ఏమీ లేదు. అది లోపం కాదు, వారసత్వం. భారతదేశపు తెలుగుకు ప్రత్యేకంగా చెప్పవలసింది లేకపోతే విలువ తెలుగు ఫైలు నుంచి రావాలి, అక్కడా లేకపోతే రూట్ అనే మూల ఫైలు నుంచి రావాలి. అంతేకాక ఆ మూల ఫైలులో కొన్ని చోట్ల విలువకు బదులు ‘ఫలానా చోట చూడు’ అనే సూచన ఉంటుంది. నెల పేరు వాక్యంలో వచ్చినప్పటి రూపం, విడిగా నిలబడినప్పటి రూపం అని రెండు అరలు ఉంటాయి. రెండో అర ఖాళీగా ఉంటే మొదటి అరలోకి చూడమని మూల ఫైలు చెబుతుంది. రష్యన్ లాంటి భాషల్లో ఆ రెండూ వేరువేరు రూపాలు కాబట్టి ఈ ఏర్పాటు కావలసి వచ్చింది. తెలుగులో రెండూ ఒకటే. పట్టిక తయారుచేసే స్క్రిప్టు ఈ గొలుసు మొత్తం నడిచి విలువ తేవాలి. నడవలేనివారికి, వారసత్వమంతా ముందే విప్పిపెట్టిన, జేసన్ అనే మరో రకం ఫైళ్లను కూడా సీఎల్‌డీఆర్ విడుదల చేస్తుంది. నేను చివరికి వాటినే వాడాను.

జేసన్‌లో నాకు ఎదురైన చిక్కు వేరు. అందులో నెలలకు ‘1’ నుంచి ‘12’ దాకా తాళంచెవులు (కీలు), అంటే విలువను వెతికే గుర్తులు, ఉంటాయి, కానీ అవి సంఖ్యలు కావు, రాతలు. నా స్క్రిప్టు వాటిని అక్షరక్రమంలో పేర్చింది. అప్పుడు ‘1’ తరువాత ‘10’, ‘11’, ‘12’ వచ్చి ఆ తరువాతే ‘2’ వస్తుంది. జనవరి సరిగ్గానే వచ్చింది కాబట్టి పరీక్షలో మొదట అనుమానం రాలేదు. ఫిబ్రవరి తేదీ ఇస్తే ‘అక్టోబర్’ అని అచ్చయింది. అదృష్టవశాత్తు ఇది నా బల్ల మీదనే పట్టుబడింది. అప్పటి నుంచి పట్టిక తయారైన వెంటనే పన్నెండు నెలలకూ ఏడు వారాలకూ ఒక్కో తేదీ వేసి చూసే పరీక్షను స్క్రిప్టులోనే చేర్చాను.

ఇక పట్టిక కట్టే పద్ధతి. ఒక్కో పేరుకు ఒక్కో గది అనే ఆలోచనను వదిలేశాను. ఎంత వెడల్పు పెట్టినా ఏదో ఒక భాషలో ఏదో ఒక పేరు దాన్ని దాటుతుంది, మిగిలిన వాటికేమో చోటు వృథా. క్యూట్‌లో చేసినట్టే అన్ని పేర్లనూ ఒకే పొడుగాటి వరుసగా రాసి, ప్రతి పేరుకూ అది ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుందో రెండు సంఖ్యలు మాత్రం పట్టికలో పెట్టాను. పన్నెండు నెలల పూర్తి పేర్లు కలిపి 222 బైట్లు, ఏడు వారాలు కలిపి 159 బైట్లు. మొత్తం 381.

ఈ పని చేస్తుండగా నాకు చాలా సంతోషం కలిగించిన విషయం ఒకటి కనిపించింది. తెలుగు పొట్టి పేర్లు జన, ఫిబ్ర, ఏప్రి, ఆగ, సెప్టెం, అక్టో, నవం, డిసెం అన్నీ పూర్తి పేర్లకు మొదటి ముక్కలే. మార్చి, మే, జూన్, జులై ఎలాగూ పొట్టివే కాబట్టి మారవు. వారాల్లో ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని కూడా అంతే. అంటే పొట్టి పేర్లకు వేరే చోటే అక్కర్లేదు, పూర్తి పేరు మొదలయ్యే చోటునే చూపించి పొడవు తగ్గిస్తే చాలు. క్యాలెండర్ గడుల్లో వేసే ఒంటి అక్షరాల రూపాలు కూడా ఇలాగే మొదటి ముక్కలు: జ, ఫి, మా, ఏ, మే, జూ, జు, ఆ, సె, అ, న, డి. ఇంగ్లీషులో మూడు నెలలకు ఒకే ‘జే’ వస్తుంది. మనకు పన్నెండూ పన్నెండు వేరువేరు గుర్తులు. ఇక్కడే ‘జులై’ అన్న రూపం విలువ తెలిసింది. ‘జూలై’ అని దీర్ఘంతో రాస్తే దాని మొదటి అక్షరం జూన్‌తో కలిసిపోతుంది. హ్రస్వంతో రాసినంత కాలం ‘జూ’, ‘జు’ విడివిడిగా నిలుస్తాయి. నాకు అలవాటైన రూపం అదే కావడం యాదృచ్ఛికం. ఇప్పుడు మాత్రం దాన్ని కారణం తెలిసి సమర్థిస్తాను. ఆఫీసు ప్రోగ్రాంలో కూడా ఈ ఉమ్మడి రూపాలే పెట్టించాం.

సంఖ్యల సంగతి పేర్ల కంటే సులువు. తెలుగుకు డేటాబేస్‌లో ఉన్న నమూనా #,##,##0.### అని ఉంటుంది. కుడి నుంచి మొదటి కామా మూడు అంకెలకు, ఆ తరువాతవి రెండేసి అంకెలకు. 12,34,567 రావాలంటే స్క్రిప్టు ఈ రెండు కొలతలనూ విడివిడిగా తీసుకోవాలి, ఒక్కటే తీసుకుంటే 1,234,567 వస్తుంది. అంకెలు మామూలుగా మనం రోజూ వాడేవే వస్తాయి, తెలుగు అంకెలు కావాలన్నవారికి అవీ ఉన్నాయి.

బహువచనం దగ్గర మాత్రం కాస్త ఆగి చెప్పాలి. తెలుగు నియమం చాలా చిన్నది: సంఖ్య సరిగ్గా ఒకటి అయితే ఏకవచనం, లేకపోతే బహువచనం. 1 టిక్కీ, 2 టిక్కీలు, 0 టిక్కీలు. హిందీ నియమంలో సున్నా కూడా ఏకవచనమే. ‘భారతీయ భాషలన్నీ ఒకటేలే’ అనుకుని హిందీ వరుసను తెలుగుకు అతికిస్తే ‘0 టిక్కీ’ అని వస్తుంది. ఇంగ్లీషు నియమంలో దశాంశ స్థానం రాస్తే, అంటే 1.0 అని రాస్తే, అది బహువచనంలోకి వెళ్తుంది. తెలుగులో విలువ 1 అయితే చాలు కాబట్టి 1.0 క్వింటా ఏకవచనంగానే ఉంటుంది, 1.5 మాత్రం క్వింటాళ్లు అవుతుంది. మనం మాట్లాడేది కూడా అలాగే. కాటా మీద దశాంశాలతో తూకం వచ్చే చోట ఈ తేడా రోజూ కనిపిస్తుంది.

పట్టిక ఎంత శుద్ధంగా ఉన్నా అది ఇవ్వలేనిది ఒకటుంది, అది విభక్తి. ‘సరుకు ఫలానా రోజుకి సిద్ధం’ అనే వాక్యంలో రోజు పేరు స్థానంలో పట్టికలోని మాట పెట్టి, వెనక ‘కి’ అతికిస్తే ‘శుక్రవారంకి’ అని వస్తుంది. అది తెలుగు కాదు, ‘శుక్రవారానికి’ కావాలి. వారాల పేర్లు ఏడూ ‘అం’తో ముగుస్తాయి కాబట్టి ఏడింటికీ ఇదే గతి. నెలల పేర్లలో ఇంకో చిక్కు: ‘సెప్టెంబర్’ తరువాత ‘లో’ చేరిస్తే ర, ల కలిసి ఒత్తుగా మారి ‘సెప్టెంబర్లో’ అవుతుంది. పొల్లు పొల్లుగానే నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని విడదీత గుర్తు పెట్టి ‘సెప్టెంబర్‌లో’ అని రాయాలి. దానికి ఇంకో మూడు బైట్లు. జనవరిలో, మార్చిలో, ఆగస్టులో ఈ గుర్తు అక్కర్లేదు. నేను వాక్యాలనే మార్చాను. ‘సిద్ధమయ్యే రోజు: శుక్రవారం’ అని రాస్తే విభక్తి అవసరం రాదు. ఇతర భాషల నుంచి వాక్యాల చట్రాలు తెచ్చి తెలుగు మాటలు నింపేవారు ఈ జాగ్రత్త తీసుకోకపోవడం వల్లనే యాప్‌లలో ‘శుక్రవారంకి’, ‘గుంటూరుకి నుండి’ లాంటివి కనిపిస్తుంటాయని నా నమ్మకం. మరోపక్క, డేటాబేస్ మన మాటలకు చోటు ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. నిన్న, రేపు మాత్రమే కాక మొన్న, ఎల్లుండి కూడా అందులో ఉన్నాయి.

రసీదు మీద తెలుగు నెల కూడా వేయమని కోల్డ్ స్టోరేజీ యజమాని అడిగారు. సీఎల్‌డీఆర్‌లో చైత్రం, వైశాఖం అని తెలుగులో పేర్లు ఉన్నాయి కూడా. కానీ అవి 1957లో ప్రభుత్వం అమలులోకి తెచ్చిన జాతీయ క్యాలెండర్ నెలలు. అది సౌరమానం. అందులో చైత్రం మార్చి 22న, లీపు సంవత్సరంలో 21న మొదలవుతుంది. మన పంచాంగం చాంద్రమానం. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, జాతీయ క్యాలెండర్ ప్రకారం ఆ రోజు చైత్రం 20. 2025 ఉగాది మార్చి 30న వస్తే అక్కడ అది చైత్రం 9. ఉగాది నాడు చైత్రం 20 అని అచ్చయిన రసీదును ఏ రైతూ నమ్మడు. పేరు ఒకటే అయినంత మాత్రాన విలువ ఒకటి కాదని ఆయనకు వివరించి, ఆ వరుసను పట్టికలో చేర్చలేదు.

వెర్షన్ల మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఉమ్మడి డేటాబేస్ మారుతుంది, మారాలి కూడా. కానీ మన పట్టిక మనకు తెలియకుండా మారకూడదు. 2022 అక్టోబరులో వచ్చిన సీఎల్‌డీఆర్ 42లో ఇంగ్లీషు సమయం రాసేటప్పుడు అంకెకూ ‘ఏఎం’, ‘పీఎం’లకూ మధ్య ఉండే మామూలు ఖాళీ బదులు విరగని సన్నని ఖాళీ పెట్టారు. చూపుకు తేడా తెలియదు. 2023లో ఆ వెర్షన్‌తో వచ్చిన జావా 20లో, మామూలు ఖాళీ ఉంటుందనుకుని సమయాన్ని చదివే ప్రోగ్రాములు ఎన్నో తప్పాయి. అంతకుముందు బ్రిటిష్ ఇంగ్లీషులో సెప్టెంబర్ పొట్టి రూపం మూడక్షరాల నుంచి నాలుగక్షరాలకు మారినప్పుడు కూడా ఇలాగే జరిగింది. అందుకని నా స్క్రిప్టు ఏ వెర్షన్ నుంచి పట్టిక తీసిందో పట్టిక పైనే రాస్తుంది. కొత్త వెర్షన్ తీసుకునే ముందు పాతదానికీ కొత్తదానికీ తేడాలు వరుసగా చూపిస్తుంది. అవి నేను చదివి ఒప్పుకున్నాకే యంత్రంలోకి వెళ్తాయి. నా ప్రోగ్రాములు సమయాన్ని గానీ తేదీని గానీ అచ్చువేసిన రాత నుంచి తిరిగి చదవవు. లోపల అంకెలే దాచుకుంటాయి.

తయారైన పట్టికను చేత్తో మార్చకూడదన్నది నేను పెట్టుకున్న మొదటి నియమం. మారిస్తే రేపు స్క్రిప్టు మళ్లీ నడిచినప్పుడు ఆ మార్పు పోతుంది, పోయిందని కూడా ఎవరికీ తెలియదు. అయినా డేటాబేస్ చెప్పినదానితో నేను ఏకీభవించని చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి పొట్టి తేదీ: అక్కడ సంవత్సరం రెండంకెలే. సరుకు మీద అప్పు తెచ్చుకునే కాగితం మీద సంవత్సరం నాలుగంకెల్లో ఉండి తీరాలి. రెండోది నన్ను నిజంగా బాధపెట్టింది. పెద్ద సంఖ్యలను కుదించి రాసే నమూనాల్లో, నేను తీసుకున్న వెర్షన్‌లో, తెలుగుకు వేలు తరువాత మిలియన్లు ఉన్నాయి. కామాలేమో లక్షలు, కోట్ల లెక్కన పడతాయి, మాటలేమో మిలియన్, బిలియన్ అని వస్తాయి. ఒకే తెర మీద 12,00,000 అనీ 1.2 మిలియన్లు అనీ కనిపిస్తే మిర్చి యార్డులో ఎవరు ఏ లెక్క చూడాలి? లక్ష టిక్కీలు వచ్చాయంటారు, పన్నెండు లక్షల సరుకంటారు. మిలియన్ అన్న మాట అక్కడ నా చెవిన ఒక్కసారి కూడా పడలేదు. హిందీకి అదే డేటాబేస్‌లో లాఖ్, కరోడ్ ఉన్నాయి కాబట్టి, మనకు ఉండటానికి సాంకేతికంగా ఏ అడ్డూ లేదు.

ఈ రెండింటి కోసం విడిగా ఒక చిన్న ఫైలు పెట్టాను. స్క్రిప్టు డేటాబేస్ విలువలన్నీ తీసుకున్నాక చివర్లో ఈ ఫైలు చదివి, అందులో ఉన్న వరుసలను మాత్రం మారుస్తుంది. ప్రతి వరుస పక్కనా ఎందుకు మార్చానో, ఏ తేదీన మార్చానో, సీఎల్‌డీఆర్‌లో అసలు విలువ ఏమిటో తెలుగులో రాసి ఉంటుంది. లక్ష, కోటి గురించి సర్వే టూల్‌లో ఖాతా తెరిచి నా ప్రతిపాదన పెట్టాను, నా వాదనకు కారణాలు కూడా రాశాను. నాది ఒక్కడి ఓటు, అది చాలదు. విజయవాడలో నాకు తెలిసిన ప్రోగ్రామర్లకు ఈ విషయం చెబుతూ వస్తున్నాను, ఇద్దరు ఖాతాలు తెరిచారు. ఎప్పుడైనా కొత్త వెర్షన్‌లో డేటాబేస్ విలువ, నా ఫైలులోని విలువ ఒకటే అయితే స్క్రిప్టు పట్టిక తయారుచేయకుండా ఆగి, ‘ఈ వరుస ఇక అక్కర్లేదు, తీసివేయండి’ అని చెబుతుంది.